గాలికి అడ్డంగా పరుగెత్తిన మనిషి

మొన్న శుక్రవారం ఇక్కడ సౌదీలో, జుబైల్లో ఒక మాల్‌కి వెళ్ళాను. పై అంతస్తులో పిల్లలు ఆడుకునే చోట బాస్కెట్‌బాల్ మిషన్ ఒకటుంది. టోకెన్ వేస్తే నిమిషం సేపు బంతులు వదులుతుంది. నిమిషం కాగానే పెద్దగా హారన్ కొట్టి బంతులన్నీ మింగేస్తుంది. ఆ హారన్ మోగింది. నేను ఊపిరి బిగబట్టేశాను. తలెత్తి గాలి ఎటు వీస్తోందా అని చూశాను. మాల్లో గాలేంటి, నా మొహం! ఏసీ గొట్టం కింద కట్టిన డిస్కౌంటు కాగితాలు ఎడమవైపుకి ఊగుతున్నాయి. ఇంకేం, గాలికి అడ్డంగా ఎదురుగా ఉన్న మెట్ల దాకా పరుగెత్తేశాను. పాప్‌కార్న్ అమ్మే ఫిలిప్పీనో అమ్మాయి గరిటె పట్టుకుని "సార్, ఓకే?" అంది.

ఓకే అనే చెప్పాను. కానీ నాకు ఈ జబ్బు అంటించిన మహానుభావుడు గుర్తొచ్చి, మిగతా రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఆయన పేరు రాయను. రాసినా అప్పటి మా లేబర్ క్యాంపులో సగం మందికి తెలీదు, అందరికీ ఆయన పొడుగన్న. కర్నూలు వైపు మనిషి. ఆరడుగుల నాలుగంగుళాలు. క్యాంపు గదుల గుమ్మాలు ఎవరి కొలతకి పెట్టారో గానీ, ఆయన నుదుటి మీద ఎప్పుడూ ఒక బొప్పి ఉండేది. ఒకటి మానేలోపు రెండోది లేచేది. మంచం మీద పడుకుంటే పాదాలు రెండూ నా బీరువా దాకా వచ్చేవి. నేను పొద్దున్నే చొక్కా తీసుకోవాలంటే ముందు ఆ కాళ్ళు ఎత్తి పక్కన పెట్టాలి. ఆయనకి మెలకువ వచ్చేది కాదు.

"మీ వదినతో నేను చేసిన కాపురం కన్నా నీతో చేసిందే ఎక్కువ రా తమ్ముడా" అనేవాడు. నిజమే. పెళ్ళై ఎనిమిదేళ్ళు. సెలవులన్నీ కూడినా ఏడు నెలలకి మించలేదు.

ప్లాంటులో ఆయన పని గ్యాస్ చూడటం. ఏ ట్యాంకులోకైనా వెల్డర్ దిగాలంటే ముందు ఈయన మీటరు పెట్టి చూసి, సంతకం పెట్టాలి. నేను పరంజాలు కట్టేవాణ్ణి. ఆయన సంతకం కోసం ఇనప గొట్టాల మీద గంటలు గంటలు కూర్చుని తిట్టుకున్న రోజులెన్నో. మీటరు సున్నా చూపించినా మూడుసార్లు చూసేవాడు. "ఏమప్పా, సచ్చినాక ఇంకోసారి చూడమంటావా?" అనేవాడు.

అది డ్యూటీలో అయితే ఎవడూ ఏమీ అనడు. ఈయన డ్యూటీ దిగేవాడు కాదు, అదీ ఖర్మ. ఎక్కడ బస్సు దిగినా ముందు కిందకి వంగి చిటికెడు ఇసుక తీసి గాల్లో వదిలేవాడు. గాలి ఎటో తెలిశాకే అడుగు వేసేవాడు. బిర్యానీ హోటల్‌కి తీసుకెళితే, కూర్చునే ముందు "ఏదన్నా అయితే అందరం ఆ టైర్ల షాపు ముందర కలుస్తాం. సరేనా?" అని ఒప్పించేవాడు. ఒకసారి మా గదిలో ఎవడిదో పుట్టినరోజు. కేకు కోస్తుంటే "దీపాలు ఆర్పే మనిషి ఎవరు? రెండో మనిషి ఎవరు?" అని అడిగాడు. రెండో మనిషి దేనికని మేం అడగలేదు. అడిగితే చెప్తాడు, అదీ భయం.

బస్సులో తలలు లెక్కపెట్టేవాడు. ఊరికే చూసి కాదు, ఒక్కొక్కడి నెత్తి మీద చెయ్యి పెట్టి. నిద్రపోతున్నవాణ్ణి కూడా వదిలేవాడు కాదు. మంగలి షాపులో కూర్చున్నా పెదాలు కదులుతుండేవి.

మెస్సు సంగతి చెప్పాలి. ఆ రోజు వంటవాడు గుడ్లు ఉడకబెట్టాడు, అందులో కొన్ని కుళ్ళినవి. ప్లాంటులో ప్రాణాలు తీసే గ్యాసుదీ కుళ్ళిన గుడ్ల వాసనే, పొడుగన్న జేబుకి తగిలించుకున్న మీటరు కూసింది. ఇంకేముంది, అరవై మందిని కంచాలతో సహా బయటికి తోలాడు. చారు పోసుకున్నవాళ్ళు చారుతోనే నడిచారు. ఎండలో వరసగా నిలబెట్టి లెక్కపెట్టి, తానొక్కడే లోపలికెళ్ళి మీటరు చూసి వచ్చి, "ఆల్ క్లియర్. తినండప్పా" అన్నాడు. కేరళ వంటవాడు వారం రోజులు ఆయనకి కూర వడ్డించలేదు. ఉత్త అన్నం పెడితే అదే తిని, "మంచిదే, కడుపు తేలిగ్గా ఉండాది" అన్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక క్యాంపు పెరట్లో మాకు డ్రిల్లు పెట్టేవాడు. కంచం మీద గరిటెతో కొట్టేవాడు. మోత వినగానే మేం ఊపిరి బిగబట్టాలి, పాత లుంగీతో కట్టిన గాలి జెండా చూడాలి, గాలికి ఎదురూ కాకుండా, దాని వెంటా కాకుండా, అడ్డంగా పరుగెత్తాలి, గేటు దగ్గర నిలబడాలి. మొదట్లో తిట్టుకుంటూ పరుగెత్తాం. తర్వాత నవ్వుకుంటూ పరుగెత్తాం. ఏడాది తిరిగేసరికి మాకు తెలీకుండానే పరుగెత్తడం మొదలుపెట్టాం. ఎవడి చేతిలోంచో కంచం జారిపడితే సగం క్యాంపు గేటు దగ్గరుండేది.

ఇన్ని చెప్పి ఆట సంగతి చెప్పలేదు. ఆ మనిషి చేతికి బాస్కెట్‌బాల్ ఇస్తే వేరే మనిషి. కర్నూల్లో కాలేజీకి ఆడాడట, యూనివర్సిటీకీ ఆడాడట. క్యాంపు వెనక సిమెంటు గచ్చు మీద, పరంజా గొట్టానికి నేను బిగించిన రింగులో బంతి వేస్తుంటే రోడ్డు మీద పోయే ట్రైలర్లు ఆగేవి. నుదుటి బొప్పి లేదు, తలల లెక్క లేదు, ఆ పొడుగు ఒళ్ళంతా నీళ్ళలా కదిలేది. ఒక్కటే పాత రోగం మిగిలేది: బంతి వేసే ముందు వేలు తడిపి గాలి చూసుకునేవాడు.

ఇక్కడ అసలు సంగతి. అక్కడి మూడు పెద్ద కంపెనీలకి బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. ఏటా చలికాలంలో క్యాంపుల జట్లకి ఒక మ్యాచ్ పెట్టి, మూడు కంపెనీల స్పోర్ట్స్ ఇన్‌చార్జులు వరసగా కూర్చుని చూసేవాళ్ళు. ఆట అయ్యాక వంతులవారీగా ఒక్కొక్కరు ఇద్దరేసి ఆటగాళ్ళని కోరుకునేవాళ్ళు. దాన్ని ఫిలిప్పీనోలు డ్రాఫ్ట్ అనేవాళ్ళు, మేమూ అదే అన్నాం. అలా ఎంపికైనవాడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారిపోతాడు. మనుషుల్ని సప్లై చేసే కంపెనీ నుంచి పెద్ద కంపెనీ సొంత ఉద్యోగంలోకి. దాంతోపాటు ఫ్యామిలీ స్టేటస్. అంటే పెళ్ళాన్ని తెచ్చుకోవచ్చు.

ఆ ఏడాది మూడు జాబితాల్లోనూ మొదటి పేరు పొడుగన్నదే. స్పోర్ట్స్ ఆఫీసులో పనిచేసే ఫిలిప్పీనో గుమస్తా సొంత నోటితో చెప్పాడు. ఆట అనేది మామూలు లాంఛనమే అన్నాడు. ఆ వారం పొడుగన్న సంతకాలు త్వరత్వరగా పెట్టాడు, అదే ఒక వింత. గోడకి ఆనుకుని ఫోన్లో వదినకి "రెండు గదులు, ఒక వంటిల్లు. గుమ్మాలు ఎత్తుంటాయంట" అని చెప్తుండగా విన్నాను. అవతల ఆమె ఏమన్నదో గానీ, ఈయన సిగ్గుపడి గోడవైపు తిరిగాడు.

నేనూ జట్టులో ఉన్నాను. నవ్వకండి. ఐదడుగుల ఐదంగుళాల మనిషిని. ఆడేది ఐదుగురే అయినా జట్టుకి ఆరుగురు కావాలి, ఆరోవాడు దొరకలేదు. రింగు బిగించానన్న కృతజ్ఞతతో చేర్చారు. నా పని తువ్వాళ్ళు అందించడం.

మ్యాచ్ ఒక పెద్ద కంపెనీ వాళ్ళ ఇండోర్ హాల్లో, మా క్యాంపు జట్టుకి ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. మా క్యాంపు నుంచి జనం బస్సులో వచ్చారు. ఆటగాళ్ళతో కలిపి ముప్పై నాలుగు. పొడుగన్న లెక్కపెట్టాడు కనక తెలుసు. హాలు చెక్క నేల అద్దంలా ఉంది. అవతల జట్టులో ఒక్క లెబనాన్ వాడు తప్ప అందరూ ఫిలిప్పీనోలు. ఆట మొదలైంది. ఏం చెప్పను! మ్యాచ్ అంటే పదేసి నిమిషాల ఆటలు నాలుగు, మొదటి ఆటలోనే పొడుగన్న పద్దెనిమిది పాయింట్లు వేశాడు. నడివయసు సౌదీ ఇన్‌చార్జి ఒకాయన ఖహ్వా, అదే వాళ్ళ అరబ్బీ కాఫీ, కప్పు నోటి దాకా తీసుకెళ్ళి తాగడం మర్చిపోయాడు. చివరి నిమిషంలో మావాడొకడికి పిక్క పట్టేసింది. తువ్వాళ్ళు కింద పెట్టి నేను దిగాను.

అప్పుడు మోగింది స్కోర్ బోర్డు హారన్, మొదటి ఆట అయిపోయిందని.

మా క్యాంపులో ఆట అంటే ఈల. పాకిస్తానీ బస్సు డ్రైవర్ ఊదే ఈల. ఇలాంటి హారన్ మావాళ్ళు విన్నది ఒక్కచోటే, ప్లాంటులో, గ్యాస్ లీకైనప్పుడు. అదే గొంతు, అదే పొడుగు. పొడుగన్న చేతిలో బంతి వదిలేశాడు. ముక్కు పట్టుకున్నాడు. తలెత్తి, ఏసీ గాలికి ఊగుతున్న జెండాలు చూశాడు. గాలికి అడ్డంగా ఉన్న తలుపు వైపు పరుగు తీశాడు. వెనకే కోర్టులో ఉన్న మావాళ్ళు ముగ్గురు. వాళ్ళ వెనక బెంచీల మీది మా జనమంతా, తోసుకోకుండా, అరవకుండా, వరసగా, ముక్కులు పట్టుకుని. పిక్క పట్టినవాడు కూడా కుంటుతూ పోయాడు. ఫిలిప్పీనోలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

నేను కదల్లేదు.

ఎందుకంటే నాకు తెలుసు. ముందు ఏడాది ఆ హాల్లో దీపాలు మార్చడానికి పరంజా కట్టింది నేనే. రెండు వారాలు ఆ హారన్ నా చెవి పక్కనే మోగింది. "అన్నా, అది స్కోర్ బోర్డు" అని ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నోరు తెరిచాను కూడా. తెరిచి, బల్ల దగ్గరున్న ముగ్గురు ఇన్‌చార్జుల వైపు చూశాను. వాళ్ళు నన్నే చూస్తున్నారు. హాల్లో మా జట్టు అంటే ఇక నేనొక్కణ్ణే. నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళయినా ఈ వాక్యం రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రెండో ఆట మొదలవ్వాలి. రిఫరీ సూడాన్ మనిషి, బడిపంతులట. ఒక్కడితో ఆట ఆడించవచ్చా అని పుస్తకం తిరగేశాడు. ఖహ్వా ఇన్‌చార్జికి సరదా పుట్టి, ఆడనివ్వమని చెయ్యి ఊపాడు. ఐదుగురి మీద నేనొక్కణ్ణి. ఫిలిప్పీనోలు మర్యాదస్తులు, నన్ను చూసి జాలిపడి దారి వదిలారు. ఎగిరి వేశాను, పడింది. జీవితంలో నేను వేసిన రెండు పాయింట్లూ అవే. ఇంకోసారి బంతి నా చేతికొచ్చింది.

అప్పుడు తలుపు దగ్గర పొడుగన్న కనిపించాడు. తడి తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. బయట లెక్క చూస్తే ముప్పై మూడే వచ్చాయట. ఆల్ క్లియర్ చెప్పకుండా లోపలికి తిరిగి అడుగు పెట్టకూడదు, అది ఆయన మాకు నేర్పిన మొదటి రూలు. ఆ మనిషే లోపలికొచ్చాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి తలెత్తి చూశాడు. తర్వాత కోర్టులోకి దూసుకొచ్చి, నన్ను బియ్యం బస్తాలా భుజాన వేసుకున్నాడు.

"అన్నా, దించన్నా! ఆడుతున్నానన్నా!"

"మాట్లాడొద్దు. ఊపిరి పట్టుకో" అన్నాడు.

బంతి ఇంకా నా చేతుల్లోనే ఉంది. రిఫరీ ఈల ఊదాడు. బంతి పట్టుకుని అడుగులు వేశానని నా మీద తప్పు రాశాడు. నడిచింది ఆయనండీ, తప్పు నాకు! ఆ మాట తలకిందులుగా వేలాడుతూ అరుస్తూనే తలుపు దాటాను.

బయట ఎండలో నన్ను పడుకోబెట్టి, కళ్ళు విప్పి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టి, "ముప్పై నాలుగు. సరిపోయె" అన్నాడు. అంతటితో అయిందా? ఆల్ క్లియర్ కావాలి. గేటు దగ్గర బంగ్లాదేశీ సెక్యూరిటీవాడు ఒక్కడే ఉన్నాడు. ఆల్ క్లియర్ చెప్పే అధికారం నీకుందా అని వాణ్ణి పట్టుకున్నాడు.

"ఆల్ క్లియర్ బోల్నే కా పవర్ హై తుమారే పాస్?"

వాడు బెదిరిపోయి, "సాబ్, మేరే పాస్ సిర్ఫ్ చాబీ హై" అన్నాడు. తన దగ్గరున్నది తాళంచెవి ఒక్కటేనని.

తాళంచెవి ఉన్నవాడికి అధికారం ఉన్నట్టా లేనట్టా అని పొడుగన్న పావుగంట ఆలోచించాడు. ముప్పై ముగ్గురం ఎండలో నిలబడ్డాం. చివరికి వాడిచేత చెయ్యెత్తించి, "ఆల్ క్లియర్" అని మూడుసార్లు చెప్పించాడు. అప్పటికి లోపల మ్యాచ్ అవతలివాళ్ళు గెలిచినట్టు రాసేశారు.

డ్రాఫ్ట్ అక్కడే బల్ల దగ్గర జరిగింది. మొదటి వంతు, ఫిలిప్పీనో. రెండోది, ఫిలిప్పీనో. మూడోది, లెబనాన్ వాడు. నాలుగు, ఐదు. పొడుగన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ప్రతి పేరుకీ ఆయన మెడ కొంచెం ముందుకి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళేది. ఆఖరి వంతు ఖహ్వా ఇన్‌చార్జిది. పొడుగన్న వైపు చూసి, ఇంగ్లీషులో, "నీ ఆట చాలా గొప్పది. కానీ నాకు కోర్టులో నిలబడే మనిషి కావాలి" అన్నాడు. అని, నా వైపు వేలు చూపించాడు.

బాబోయ్, నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరా అని. వెనక గోడ ఉంది.

ఒక్క ఆట. పద్దెనిమిది పాయింట్లు వేసిన మనిషి కాగితం మీంచి చెరిగిపోయాడు, రెండు వేసిన తువ్వాళ్ళవాడు ఎక్కాడు. ఆ కంపెనీ జట్టులోనూ నేను తువ్వాళ్ళే అందించాననుకోండి, అది వేరే కథ. పొడుగన్న వచ్చి నన్ను వాటేసుకున్నాడు. ఆయన రొమ్ము దగ్గరికి వచ్చింది నా మొహం. "నువ్వన్నా పో రా. మరదల్ని పిలిపించుకో" అన్నాడు. అసూయ లేదు, దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

మూడు నెలల్లో మా ఆవిడ దిగింది. పొడుగన్నని భోజనానికి పిలిచాను. ఒక్కసారే వచ్చాడు. పప్పుచారు రెండోసారి పోయించుకున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర వంగబోయి, వంగక్కర్లేదని తెలిసి, గుమ్మం పైకి చెయ్యి చాపి కొలత చూసి ఊరుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా డ్యూటీ ఉందనేవాడు. క్యాంపులో ఆయన్ని హారన్ అన్న అనడం మొదలుపెట్టారు. మళ్ళీ ఏడాది డ్రాఫ్ట్‌కి ఆయన పేరు ఎవరూ రాయలేదు. అయినా కంచం గరిటె డ్రిల్లు మానలేదని విన్నాను.

రెండేళ్ళకి ఫైనల్ ఎగ్జిట్ వేసుకున్నాడు, ఇక తిరిగి రాకుండా ఊరికి. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి నేను దింపుతానన్నాను. కారులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నపు రోడ్డు ఖాళీగా ఉంది. ఎయిర్‌పోర్టు కనిపించేదాకా ఊరికే మాట్లాడాను. కనిపించాక ఇంక ఆపుకోలేకపోయాను.

"అన్నా, ఆ రోజు అది స్కోర్ బోర్డు హారనని నాకు ముందే తెలుసు. కేకేస్తే నువ్వు ఆగేవాడివి. వెయ్యలేదు. నా స్వార్థం కోసం వెయ్యలేదు."

కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడు అలాగే చూస్తూ అన్నాడు: "నాకూ తెలిసె."

"ఎప్పుడు?"

"నీ కోసం తిరిగొచ్చినప్పుడు. తలుపు కాడ నిలబడి బోర్డు చూస్తి. రెండో ఆట టైము తిరుగుతా ఉండాది. ఓహో, ఇదా అనుకుంటి."

నేను కారు పక్కకి ఆపేశాను. "మరి నన్నెందుకు మోసుకుపోయావన్నా? అక్కడే ఆగి ఆడితే సరిపోయేది కదా! ఇంకా మూడాటలున్నాయి. నువ్వు ఆడితే వాళ్ళు నీ కాళ్ళ మీద పడి తీసుకునేవాళ్ళు!"

"బయట ముప్పై మంది నిలబడి ఉండారు కదప్పా, నన్ను నమ్మి. నేను వెనక్కి తిరిగి, ఉత్తదే రాండి అంటిననుకో. రేపు ప్లాంటులో మోగుతాది. మోగితే అందరూ పరిగెత్తరు, నా మొగం చూస్తారు, ఇది నిజమా, ఉత్తదా అని. చూసేంత టైము ఉంటాదా ఆడ?" అన్నాడు. "నన్ను చూసి నవ్వితే నవ్వుకోనీ. నవ్వుకుంటానైనా పరిగెత్తుతారు."

 ఏడుపొచ్చింది, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను కూడా. ఆయన నా వీపు మీద తట్టి, విమానం టైమైతాందన్నాడు.

"వదినకి చెప్పావా ఇది?"

"ఆ రోజే చెప్తి. పదకొండు రోజులు ఫోన్ ఎత్తల్యా" అన్నాడు. "ఎత్తినాక గూడ ఏమీ తిట్టల్యా. నువ్వొచ్చినాక నీ ఎదురుగానే తిడతా అనె. పోతాండా కదా, ఇంక తిట్టించుకోవల్ల."

పెట్టె భుజాన వేసుకుని, గాజు తలుపు కింద అలవాటుగా తల వంచి లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను తిరిగి జుబైల్ వచ్చేసరికి సాయంత్రం నమాజు వేళయింది. మెట్లెక్కి, పొడుగన్నకి దక్కాల్సిన ఆ ఇంటి తలుపు తట్టాను. మా ఆవిడ తీసింది.